గొట్టం ఎక్కిన చీమలు

ట్రాక్టరు సైలెన్సర్ గొట్టం మీదికి చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయి.

ఎందుకెక్కుతున్నాయని ఆ పొద్దు నేను ఆలోచించలేదు. చీపురుతో దులిపేసి, సీటెక్కి తాళం తిప్పాను. లోపల ‘టక్’మని ఒక్క చప్పుడు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అదే చప్పుడు. తలుపు అవతల ఎవరో గడియ వేసుకుని కూర్చున్నట్టుంది.

“బ్యాటరీ కాదుమ్మే. ఇంజను పట్టేసింది,” అన్నాడు మునిప్రసాద్ బావ, కొట్టం వాకిట్లో నిలబడి. నా భర్త గిరికి అన్న ఆయన. పక్కిల్లే. “ఇంతకాలం కదిలించకుండా పెడితే ఏ బండైనా అంతే.”

“తిరుగుతాది బావా.”

“నువ్వు తిరగమంటే తిరిగేదానికి అదేమన్నా రంగులరాట్నమా?”

నేను దిగాను. చీమలు మళ్ళీ బారు కట్టాయి.

మాది పాకాల దగ్గర ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసినవాళ్ళంతా బెల్లం వండుకునేవాళ్ళే. మా గానుగకు కరెంటు మోటారు లేదు. ట్రాక్టరుకు బెల్టు తగిలించి గిరి తిప్పేవాడు. ఆయన చనిపోయిన ఏడాది బావ తన బండి తెచ్చి ఆడించాడు. ఈసారి చెరకు నేనే పెట్టాను, నేనే నీళ్ళు కట్టాను. గానుగ కూడా నేనే ఆడిస్తానన్నాను. అది ధైర్యమేమీ కాదు. అప్పట్లో నాకు భయం తగిలేది కాదు. ఆకలీ అంతే. ఏదీ తగిలేది కాదు.

బావ కొట్టంలోకి వచ్చి ట్రాక్టరు టైరు మీద చెయ్యి వేశాడు.

“కోపంగా చెప్పేది కాదు, విను. చెరకు వెన్ను తీసి, పూతకొచ్చి రసం చప్పబడేలోగా నీ బండి తిరగాల. తిరగలేదంటే నా బండి తెచ్చి నేనే ఆడిస్తా. ఆ పైన చేను కూడా నేనే చూసుకుంటా. అమ్మను మా ఇంట్లో పెట్టుకుంటా. నువ్వు నగరికి పో. మీ అమ్మ దగ్గర ఉండు. చిన్న వయసు నీది.”

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని.

నగరిలో మా అమ్మావాళ్ళకు మరమగ్గాలున్నాయి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. అక్కడికి తిరిగి వెళితే నాకొక మగ్గం, ఒక మూల దొరుకుతాయి. కానీ ఈ ఇల్లు ఉండదు. అరుగు మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్న మా అత్త కుప్పమ్మ ఉండదు.

“వాడేందంట?” అంది అత్త, తల ఎత్తకుండా.

“బండి తిరగకపోతే నన్ను నగరికి పొమ్మన్నాడు.”

“మరి నాకు పితికిపప్పు కూర యెవురు వండేది? వాడి పెండ్లామా? దానికి ఉప్పెంతెయ్యాలో తెలీదు.” ఒక గింజను బొటనవేలితో నొక్కింది. తెల్లటి పప్పు జారి గిన్నెలో పడింది. “బండి బాగుచేసేవాణ్ణి పిలిపించుకో, పో.”

సుందరరాజుకు ఫోన్ చేశాను.

*

సుందరరాజుకు చంద్రగిరిలో మెకానిక్ షెడ్డు ఉంది. గిరికి స్నేహితుడు. మోటారుసైకిల్ దిగకముందే మాటలు మొదలుపెట్టే మనిషి.

“నేను చెయ్యి పెడితే చచ్చిన ఇంజనైనా లేచి దగ్గాల్సిందే కోమలమ్మా!” అన్నాడు. అన్నాక ఎవరి ఇంట్లో ఏం మాట అన్నాడో తెలిసి నాలిక కరుచుకున్నాడు.

“పని చూడన్నా,” అన్నాను. నాకేమీ అనిపించలేదు.

అత్త కాఫీ తెచ్చింది. ఒక గుక్క తాగి, “పాలూ చక్కెరా రవంత తక్కువైనట్టుండాయి పెద్దమ్మా,” అన్నాడు.

“ముందు పని చెయ్. చక్కెర దాని ఎనకాల వస్తాది,” అంది అత్త.

వాడు నవ్వుతూ ట్రాక్టరు చుట్టూ తిరిగాడు. ఫ్యాన్ పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని ఇద్దరం కలిసి ముందుకీ వెనక్కీ ఊపాం. బండంతా ఊగింది కానీ లోపల ఏదీ కదల్లేదు. అప్పుడు తలెత్తి గొట్టం చూశాడు.

“మూత యాడ? గిరి నూనె డబ్బా కోసి మూత చేసింటాడే? బండి ఆపితే దాన్ని బోర్లించకుండా ఇంట్లోకి పొయ్యేవాడు కాదే?”

అవును, ఉండేది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

“ఇంకేం, దొరికిపోయింది దొంగ. మూత లేదు, వాన నీళ్ళు నేరుగా లోపలికి దిగినాయి. తుప్పు పట్టి పిస్టన్ గోడకు కరుచుకుంది.”

“పైన రేకులుండాయి గదన్నా. కొట్టంలో వాన యాడ పడుతుంది?”

వాడు పైకి చూశాడు. రేకులకు ఒక్క చిల్లు కూడా లేదు.

“ఏటవాలు జల్లు కొట్టింటాది,” అన్నాడు. వాడి మాట వాడికే నచ్చలేదు. సీటు పక్కన కాలు పెట్టి పైకెక్కి గొట్టం నోట్లోకి తొంగి చూశాడు. చీమలు వాడి చేతి మీదికి పాకాయి. గొట్టం అంచున పసుప్పచ్చటి చార ఒకటి ఎండి ఉంది. దాన్ని గోటితో గీకాడు.

“చీమలు తుప్పు తినవమ్మా. తీపి కోసం వస్తాయి.” గొంతు తగ్గించాడు. “యెవురో పోసినారు. చెరకు రసమో, బెల్లం పానకమో. ఇది వాన పని కాదు, మనిషి పని.”

“యెవురు పోస్తారన్నా?”

“ఈ బండి తిరగకూడదని యెవురికుంటాదో వాళ్ళు.”

ఇద్దరం పక్కింటి వైపు చూశాం.

అప్పుడే అత్త చెంబు పట్టుకుని ఇంట్లోంచి వచ్చింది. శుక్రవారం అది. కొట్టం వెనక ఒక పుట్ట ఉంది. ప్రతి శుక్రవారం దానికి పాలు పోయడం ఆమెకు అలవాటు. గొట్టం దగ్గర నిలబడ్డ సుందరరాజును చూసి ఆగిపోయింది.

“ఇంత గోలలో పాము యాడ నిలుస్తాది. రేపు పోస్తాలే,” అని వెనక్కి వెళ్ళిపోయింది.

సుందరరాజు నాజిళ్ళు విప్పి, ఆ రంధ్రాల్లోంచి మూడు సిలిండర్లలోనూ డీజిలూ ఆయిలూ కలిపి పోశాడు. “నానాల. నానితే కదులుతాది. ఇంజను మీది హెడ్డు విప్పే పని పడదు. ఒకటి గుర్తు పెట్టుకో, ఎవురేం చెప్పినా దీన్ని ఇంకో బండితో లాగించి స్టార్ట్ చెయ్యొద్దు. లోపల కరుచుకున్నదాన్ని బలవంతంగా తిప్పితే రాడ్డు వంగుతాది. ఇంక పాత సామాన్ల వాడిని పిలవడమే.”

*

నూనె నానుతూనే ఉంది. రోజూ పొద్దున చక్రం ఊపి చూసేదాన్ని. చక్రం మొండికేసేది. చేలో చెరకు నడుమ వంగి ముదురుతోంది. ఊళ్ళో వేరేవాళ్ళ గానుగలు మొదలయ్యాయి. గాలి అటు తిరిగితే పాకం వాసన వచ్చేది.

ఒక పొద్దు ఆవులకు గడ్డి వేస్తుంటే మూత కనబడింది. గాటిపాక లోపలి గోడకు ఉన్న కొక్కేనికి వేలాడుతోంది. గిరి కోసి చేసిన నూనె డబ్బా మూత. చేతిలోకి తీసుకున్నాను. దుమ్ము లేదు. ఎవరో తుడిచి మరీ తగిలించారు.

అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు గిరికి జ్వరం తగిలింది. ఊళ్ళోకి బండి ఏదీ రానంది. ఆయనే ఈ ట్రాక్టరు నడుపుకుంటూ, నన్ను పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని, రోడ్డు దాకా వచ్చాడు. అక్కడ అంబులెన్సు ఎక్కాడు. నన్ను ఎక్కనివ్వలేదు. తిరుపతి ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. వచ్చింది ఫోన్లో కబురొక్కటే. దహనం ఆస్పత్రివాళ్ళే చేసేశారు.

రోడ్డు మీద వదిలిన ట్రాక్టరును ఇంటికి తెచ్చి కొట్టంలో పెట్టింది బావ. అంటే మూత గురించి తెలిసింది బావకే. తీసింది బావే. పోసిందీ బావే. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. అది కూడా ఎక్కడో దూరంగా, పక్కూరి మైకులా వినబడింది.

ఆ రోజే చేలో ఉండగా గొలుసు చప్పుడు విన్నాను.

ఇనప గొలుసు నేల మీద ఈడుస్తున్న చప్పుడు. మా కొట్టం వైపు నుంచి. కొడవలి అక్కడే పడేసి పరుగెత్తాను.

బావ తన నీలం ట్రాక్టరు తెచ్చి మా ఎర్ర ట్రాక్టరుకు గొలుసు తగిలిస్తున్నాడు. చుట్టూ నలుగురు చేరారు. అత్త అరుగు మీద నిలబడి, “వొద్దురా, ఆ పిల్ల రానీరా,” అంటోంది.

“ఆ చంద్రగిరోడు నూనె పోసి పోయినాడు, మళ్ళీ రాలేదు,” అన్నాడు బావ. “ఇట్లా నానబెట్టుకుంటూ కూర్చుంటే చెరకు వెన్ను తీస్తాది. గేర్లో పెట్టి లాగితే అదే తిరుగుతాది. నువ్వు జరుగు.”

వద్దని చెప్తే వినే మొహం కాదు ఆయనది. నలుగురిలో మొదలుపెట్టిన పని. నేను వాదించలేదు. మా ట్రాక్టరు సీటెక్కి కూర్చున్నాను.

“నేనే కూచుంటా బావా. నా బండి గదా.”

ఆయన సంతోషించాడు. “టాప్ గేర్లో పెట్టు. గొలుసు బిగిసినాక క్లచ్ వదులు.”

గేరు రాడ్డును కదిపాను. న్యూట్రల్‌లో పెట్టి చెయ్యి తీశాను.

నీలం బండి గర్జించింది. గొలుసు బిగిసింది. మా బండి కొట్టంలోంచి మెత్తగా, పెళ్ళికూతురు నడిచినట్టు బయటికి వచ్చింది. ఇన్నాళ్ళకు దాని మీద ఎండ పడింది.

“క్లచ్ వదులు!” అని అరిచాడు బావ వెనక్కి తిరిగి.

“వదిలినాను బావా!”

వీధి దాటాం. రచ్చబండ దాటాం. పాల కేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడినవాళ్ళు చూస్తున్నారు. చక్రాలు హాయిగా దొర్లుతున్నాయి. ఇంజను మాత్రం మాట్లాడలేదు.

“వదల్లేదు నువ్వు!”

“వదిలినానంటే!”

ఊరంతా ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టం ముందుకు తెచ్చాడు. నేను బ్రేకు తొక్కాను. ఆయన దిగి వచ్చి గేరు రాడ్డు చూశాడు. చెయ్యి వేసి అటూ ఇటూ ఊపాడు. అర్థమైంది.

జనంలో ఎవరో నవ్వారు. “ఊరేగింపు బాగుండాదప్పా మునిప్రసాదూ, మేళాలు మర్చిపోయినావా?”

బావ మొహం మాడిపోయింది. “నన్ను ఎర్రోణ్ణి చేస్తావామే? నీ మంచికి జేస్తే?”

“నా మంచికేనా బావా? గొట్టం మీద మూత తీసింది యెవురు? లోపల తీపి పోసింది యెవురు?”

బావకు నా మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“నేనా?” అన్నాడు. “వాడి బండిలో? నా తమ్ముడి బండిలో నేను పోస్తానా?”

గొలుసు విప్పుకోకుండానే వెళ్ళిపోయాడు. అరుగు మీద అత్త కూలబడినట్టు కూర్చుంది. ఏమీ అనలేదు. ఆమె ఎందుకేమీ అనలేదో అప్పుడు నాకు పట్టలేదు.

*

సుందరరాజు మర్నాడే వచ్చాడు. ఊరేగింపు సంగతి పాకాల టీ అంగట్లోనే విన్నాడట.

“న్యూట్రల్‌లో పెట్టినావంట గదా! బండి బతికిపోయింది. నువ్వు నా షెడ్డుకు వచ్చేయ్ కోమలమ్మా, మునిప్రసాద్‌ను వాచ్‌మన్‌గా పెట్టుకుందాం.”

చక్రం ఊపి చూశాడు. కదల్లేదు. “నానితే చాలనుకున్నా. నా అంచనా తప్పింది. హెడ్డు విప్పాల్సిందే.”

బోల్టులు ఒక్కొక్కటే కీచుమంటూ వచ్చాయి. మధ్యాహ్నానికి హెడ్డు లూజయింది. చెరొక పక్కా పట్టుకుని పైకెత్తి గోనెసంచి మీద పెట్టాం. అత్త ఎప్పటిలాగే అరుగు మీద అనపగింజలు పితుకుతోంది.

మూడు సిలిండర్లు. రెండు నల్లగా, నూనె జిడ్డుతో నిగనిగలాడుతున్నాయి. గొట్టానికి దగ్గరగా ఉన్న మూడోదానిలో పిస్టన్ మీద పెళ్ళ కట్టి ఉంది. పసుపూ తెలుపూ కలిసిన రంగు. గిన్నెలో అడుగంటిన కోవాలా. చుట్టూ తుప్పు.

సుందరరాజు స్క్రూడ్రైవరుతో ఒక పెచ్చు లేపాడు. వేళ్ళతో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“పానకం కాదే ఇది.” మళ్ళీ వాసన చూశాడు. “డీజిల్ కంపు అడుగున పులిసిన వాసన. నువ్వు చూడు.”

చూశాను. కడగడం మర్చిపోయిన పాలగిన్నె వాసన.

“పాలు కోమలమ్మా ఇవి. ఒక్కసారి పోసింది కూడా కాదు. పొర మీద పొర ఉండాది. పాలు తెచ్చి ఇంజన్లో పోసేవాళ్ళు యెవురుంటారమ్మా?”

నేను కొట్టం వెనక్కి నడిచాను.

పుట్ట దగ్గరికి వెళ్ళి నాకు చాలా కాలమైంది. సగం కూలిపోయి ఉంది. మీద గరిక మొలిచింది. మట్టి పొడిపొడిగా ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు, తడి మచ్చ లేదు. శుక్రవారం శుక్రవారం పాలు తాగిన పుట్ట కాదు అది.

మా వాళ్ళలో చనిపోయినవాళ్ళను కాల్చరు, పూడుస్తారు. మూడో రోజు పూడ్చిన చోటికి అందరూ వెళ్ళి పాలు పోస్తారు. కొడుకు పోతే తల్లి కూడా పోస్తుంది. గిరి విషయంలో మూడో రోజు వచ్చింది కానీ చోటు రాలేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రోజు అత్త ఒక చెంబు పాలు పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరగడం చూశాను. ఆ తర్వాత చెంబు ఏం చేసిందో చూడలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆయన చివరిసారి ఇల్లు వదిలింది ఈ ట్రాక్టరు మీద. తిరిగి ఇంటికొచ్చింది ఇదొక్కటే.

పాలు పోయాలంటే దానికి ఉన్న నోరు గొట్టమే. మూత తీసి, తుడిచి, కొక్కేనికి జాగ్రత్తగా తగిలించి.

కొట్టంలోకి తిరిగి వచ్చాను. సుందరరాజు నన్నే చూస్తున్నాడు. అరుగు మీద అత్త వేళ్ళు గిన్నెలోనే ఆగిపోయి ఉన్నాయి. ఆమె మా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో దూరం నుంచే తెలుస్తోంది.

ఇది బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. బావ వస్తాడు. అమ్మకు మతి చెడిందంటాడు. మంచి మనసుతోనే అంటాడు. ఆమెను తన ఇంట్లో ఒక గదిలో కూర్చోబెడతాడు. నన్ను నగరి బస్సెక్కిస్తాడు.

“అన్నా, యెవురడిగినా వాన నీళ్ళని చెప్పు.”

“రేకుల కింద వానేందమ్మా?”

“ఏటవాలు జల్లు. నువ్వే చెప్పినావు గదా.”

వాడు నన్ను చూశాడు. అరుగు వైపు చూశాడు. మళ్ళీ చేతిలో ఉన్న పెచ్చును చూసి గుడ్డకు తుడిచేసుకున్నాడు. వాడి నోట జోకు రాకపోవడం ఆ ఒక్కసారే చూశాను.

“ఔను,” అన్నాడు కాస్త గట్టిగా, అరుగు దాకా వినబడేటట్టు. “జల్లే. పోయిన తుపానుకు ఈ పక్కనుంచి కొట్టింటాది.”

అత్త వేళ్ళు మళ్ళీ కదిలాయి.

*

పెళ్ళ గీకి, మళ్ళీ నూనె పోసి నానబెట్టాం. పిస్టన్ మీద వేపకర్ర ముక్క ఆనించి సుందరరాజు సుత్తితో కొట్టేవాడు. గట్టిగా కాదు. ఒకే లెక్కన, నిద్రపోతున్న మనిషిని తట్టినట్టు. నేను కింద గడ్డపారతో ఫ్లైవీలు చక్రం పళ్ళు పట్టుకుని ఒత్తేదాన్ని. ఎన్నిసార్లు కొట్టాడో తెలియదు. ఒకసారి చప్పుడు మారింది. వాడు ఆగాడు. నేనూ ఆగాను. సిలిండర్ గోడ మీద, పిస్టన్ అంచుకు పైన, సన్నటి మెరుపు గీత కనబడింది. అంతవరకూ పిస్టన్ కప్పి ఉంచిన గోడ అది.

“దిగింది,” అన్నాడు గుసగుసగా. “ముండమోపిది దిగింది!” అని వెంటనే నా వైపు చూసి మళ్ళీ నాలిక కరుచుకున్నాడు.

ఈసారి నాకు నవ్వొచ్చింది. కొంచెమే.

గోడలు ఎమరీ పేపరుతో రుద్దాడు. కొత్త రింగులు వేశాడు. గొట్టం లోపల కూడా పెళ్ళ ఉందన్నాను. “అంత లోపల యెవురు గీకేది? వేడెక్కితే అదే కాలిపోతాది,” అన్నాడు.

ఆ సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో గొడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

“వాన నీళ్ళంట బావా. సుందరరాజన్న విప్పి చూసినాడు. నేను తొందరపడి నోరు జారినాను.”

బకెట్ పూర్తిగా తొట్లోకి వంచాడు. తర్వాత, “రేకుల కింద యాడ పడిందంట వాన?” అన్నాడు.

“పక్కనుంచి. జల్లు.”

నా మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో నాకు తెలియదు. తమ్ముడి బండి ఆయన తెచ్చి పెట్టిన రోజున గొట్టం మీద మూత ఉందో లేదో ఆయనకు గుర్తుండే ఉంటుంది. ప్రతి శుక్రవారం అమ్మ చెంబుతో ఎటు వెళుతుందో వాళ్ళ పెరట్లోంచి కనబడుతుంది కూడా.

“గానుగ బెల్టు మా అటక మీదుండాది,” అన్నాడు చివరికి. “పోయినేడు తెచ్చి పెట్టినా. పొద్దున పంపిస్తా. బిగించేటప్పుడు ఒక్కదానివే కిందామీదా పడొద్దు, పిలువు.”

*

స్టార్ట్ చేసిన రోజు చెరకు ఇంకా వెన్ను తీయలేదు. తీసే మొహం పెట్టి ఉంది, అంతే.

ట్రాక్టరును పెరట్లో గానుగ దగ్గరికి తోసి, బావ బెల్టు తగిలించాడు. సుందరరాజు నాజిళ్ళు బిగించి, డీజిల్ పైపులో గాలి తీసి, “ఎక్కు,” అన్నాడు.

“నువ్వెక్కన్నా.”

“నీ బండి. ఊరేగింపుకు ఎక్కినావు గదా, దీనికీ ఎక్కు.” బావ మూతి బిగించి పక్కకు తిరిగాడు. నవ్వు దాచుకోవడానికేనని భుజాలు చెప్పాయి.

తాళం తిప్పాను. ఈసారి ‘టక్’ అనలేదు. గరగరమంది. ఆగింది. మళ్ళీ తిప్పాను. దగ్గింది. మూడోసారికి బండంతా ఒక్క కుదుపు కుదిపి స్టార్టయింది. చప్పుడు నా కాళ్ళలోంచి నడుములోకి ఎక్కింది.

గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. చిక్కగా, ముద్దలు ముద్దలుగా. సుందరరాజు ఆక్సిలేటరు పెంచమని సైగ చేశాడు. గొట్టం వేడెక్కింది. పొగ వాసన మారింది.

పాలు పొంగి పొయ్యి మీద పడి మాడితే వచ్చే వాసన.

పెరడంతా నిండిపోయింది. బావ ముక్కు ఎగబీల్చి గొట్టం వైపు చూశాడు. ఇంజను చప్పుడును మించి వంటింట్లోంచి అత్త అరుపు వినబడింది.

“యెవురుమే పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది? మాడిపోతా ఉండాయి!”

పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలిగించలేదు ఆ వేళకి.

ఆమె వెనక వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది. కొంగు చేతిలో ఉంది. గొట్టం చూసింది. గొట్టంలోంచి లేచి, రేకుల మీదుగా, కొబ్బరి చెట్ల పైకి వెళ్ళిపోతున్న పొగను చూసింది. నేను ఆక్సిలేటరు మీద నుంచి కాలు తీయలేదు.

తెలుపు పల్చబడింది. బూడిదరంగయింది. కాసేపు నల్లగా వచ్చింది. తర్వాత గొట్టం పైన గాలి కొంచెం వణుకుతోంది, అంతే. అందులోంచి చూస్తే ఆకాశం కనబడుతోంది.

అప్పటిదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళింది.

చెరకు గెడలు గానుగలోకి వెళ్ళాయి. రసం కారింది, పెనంలో కాగి పాకమైంది. సాయంత్రం దాకా ఆడించాం. బండి ఆపగానే ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైనట్టుంది. సుందరరాజు మొదటి బెల్లం ముద్ద ఆకులో పెట్టుకుని, కాఫీలో చక్కెర బాకీ తీరిందంటూ వెళ్ళిపోయాడు. బావ కూడా వెళ్ళాడు.

నేను గొట్టం దగ్గర ఉండగా అత్త వచ్చింది.

“దానికి మూత బోర్లించుమే. వాన పడితే మళ్ళీ కరుచుకుంటాది.”

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

“గాటిపాకలో కొక్కేనికుండాది అత్తా. తెస్తా.”

“అది పాతది, తుప్పు పట్టింది. ఇది పెట్టు.”

కొంగు చాటు నుంచి చెంబు తీసి నాకిచ్చింది. శుక్రవారాల చెంబు. చింతపండుతో తోమి తెచ్చింది. తడి ఇంకా ఆరలేదు.

“పాలకు?” అన్నాను. ఎందుకడిగానో తెలియదు.

“పాలకు ఇంట్లో గిన్నెలు లేవా?” అంది. “కాఫీకి పాలు చాలక ఆ చంద్రగిరోడు మొహం ముడుచుకుంటా ఉండాడు.”

మడ్‌గార్డు ఎక్కి, ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో చెంబు బోర్లించాను. సరిగ్గా పట్టింది. గొట్టం ఇంకా చల్లారలేదని మర్చిపోయాను. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. మంట మోచేతి దాకా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినవి ఆగలేదు.

అత్త కింద నుంచి చూస్తోంది.

“కాలిందామే?”

“కాలిందత్తా,” అన్నాను.